గోడపత్రిక పెట్టే పిల్లలకు ఒక పాత సారు చెప్పే పది మాటలు

2021లో నెట్‌ఫ్లిక్స్‌లో ‘మాక్సీ’ అనే సినిమా వచ్చింది. జెనిఫర్ మాథ్యూ నవల ఆధారంగా ఎమీ పోలర్ తీసింది. అందులో వివియన్ అనే పదహారేళ్ల పిల్ల ఎవరి జోలికీ పోని రకం. ఆమె చదివే బడిలో మగపిల్లలు ఆడపిల్లలకు ర్యాంకులిస్తూ వెకిలి జాబితాలు తయారుచేస్తుంటారు. చెప్పుకోబోతే ప్రిన్సిపాలమ్మ చెవిన వేసుకోదు. ఒళ్లు మండిన వివియన్ కత్తెర, జిగురు, జిరాక్సుతో ఒక చిట్టి పత్రిక చేసి, పేరు పెట్టకుండా ఆడపిల్లల బాత్‌రూముల్లో పెట్టి వస్తుంది. అక్కడి నుంచి బడి బడంతా కదులుతుంది. నవ్విస్తూనే గుచ్చే సినిమా.

నేను నల్లగొండలో చదువుకుని, పాలమూరు జిల్లా బళ్లలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. ఎమర్జెన్సీ నాటికి కాలేజీలో లిఖితపత్రిక నడిపే గుంపులో ఉన్నాను. సారునయ్యాక పిల్లలతో గోడపత్రికలు పెట్టించాను. ఆ సినిమా చూసిన పిల్లలైనా, చూడని పిల్లలైనా నన్ను అడిగేది ఒకటే: “సార్, ఏం రాస్తే వాళ్లు భయపడ్తరు?” తిడితే ఎవరూ భయపడరు, లెక్క అడిగితే భయపడతారు. నా అనుభవమంతా ఈ ఒక్క మాటలో ఉంది. మిగతాది దాన్ని ఆచరణలో పెట్టే పద్ధతి.

1. కోపంతో రాయండి, లెక్క చూసుకుని అంటించండి

ఒక హాస్టల్ పిల్లలు గోడపత్రికకు వార్త తెచ్చారు. మొదటి వాక్యమే ‘మా వార్డెన్ దొంగ’. “దొంగ అని నువ్వంటవు, కాదని ఆయనంటడు. చూసేటోళ్లకు ఇద్దరి మాటా ఒక్కటే. పళ్లెంల ఏం పడ్డదో రాయి బిడ్డా” అన్నాను. వాళ్లు వారం పాటు రెండు గడుల పట్టిక నింపారు. ఎడమ గడిలో హాస్టల్ గోడమీద పెయింటుతో రాసి ఉన్న మెనూ. కుడి గడిలో ఆ రోజు నిజంగా వడ్డించింది. సోమవారం ఎడమన పప్పు, కూర, మజ్జిగ, కుడిన నీళ్లచారు. మంగళవారం ఎడమన గుడ్డు. కుడిన ‘గుడ్డు రాలేదు, రేపు ఇస్తమన్నరు’. బుధవారం ఎడమన కూరగాయల కూర. కుడిన మళ్లీ ‘గుడ్డు రాలేదు’. కింద ఒక్క విశేషణం లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. చదివి నవ్వనివాళ్లు లేరు, కాదనగలిగినవాళ్లూ లేరు. తరువాతి వారం పప్పులో గరిటె నిలబడింది.

లెక్క ఎక్కడ దొరుకుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. మధ్యాహ్న భోజనంలో ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఒక్కొక్కరికి రోజుకు 150 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు అని నిబంధన. ఐదో తరగతి దాకా ఇవే 100, 20, 50 గ్రాములు. పై తరగతుల్లో అరవై మంది తింటే ఆ రోజు గిన్నెలో పడాల్సిన పప్పు కిలో ఎనిమిది వందల గ్రాములు. ఈ గుణకారం ఏడో తరగతి పిల్ల చేయగలదు. చేసి గోడమీద పెడితే దానికి జవాబు చెప్పాల్సింది పెద్దవాళ్లు.

2. మీరే మొదటివాళ్లు కారని తెలుసుకోండి

నల్లగొండ, పాలమూరు, మన ఈ రెండు జిల్లాల పేరెత్తితే కరువు, వలస, ఫ్లోరైడు అంటారు. పత్రికల విషయంలో మాత్రం మనవాళ్లు ముందే మేల్కొన్నారు. 1913లోనే మహబూబ్‌నగర్ నుంచి బి. శ్రీనివాసశర్మ ‘హితబోధిని’ మాసపత్రిక తెచ్చారు. కచేరీలో ఉర్దూ, బడిలో ఉర్దూ నడిచే నిజాం రాజ్యంలో తెలుగులో పత్రిక పెట్టడమే పెద్ద సాహసం. 1922 ఆగస్టులో షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ వారపత్రిక మొదలుపెట్టారు. అదే నెలలో ఓరుగల్లు వైపు ఇనుగుర్తి అనే పల్లెలో ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ తెచ్చారు. 1926లో హైదరాబాదు నుంచి వెలువడిన ‘గోలకొండ పత్రిక’ సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డిది పాలమూరు సీమ. ఆయన ఊరు ఇటికాలపాడు ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది.

ఆయన చేసిన ఒక పని ప్రతి బడి పత్రిక సంపాదకుడూ గుర్తుపెట్టుకోవాలి. తెలంగాణలో తెలుగు కవులు లేనే లేరని ఒక పెద్దమనిషి రాశాడు. పౌరుషం పొడుచుకొచ్చే మాటే. ప్రతాపరెడ్డి పత్రికలో తిట్ల దండకం అందుకోలేదు. ఊరూరికీ ఉత్తరాలు రాసి కవుల వివరాలు, పద్యాలు తెప్పించుకుని 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. అందులో 354 మంది కవులున్నారు. లేరన్న మాట అక్కడితో సరి. తొంభై ఏళ్లు దాటినా ఆ సంచిక పేరు చెబుతున్నాం. ఆ రోజు ఆయన కోపంతో నాలుగు మాటలు రాసి ఊరుకుని ఉంటే ఎవరికి గుర్తుండేది?

3. చేతిలో ఉన్నదానితోనే మొదలుపెట్టండి

మా రోజుల్లో పత్రిక అంటే మూడు దారులు. అచ్చు వేయించాలంటే ట్రెడిల్ ప్రెస్సు ఓనరు దగ్గరికి పోవాలి. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి కాగితం మీద అచ్చువేసినవాళ్ల పేరు, ఊరు ఉండాల్సి ఉండేది. ఎమర్జెన్సీలో ఆ పేరు వేయడానికి ఏ ఓనరుకు ధైర్యం ఉంటుంది? పెళ్లి శుభలేఖలైతే వేస్తా, ఇలాంటివి నాకొద్దు అని చేతులు జోడించేవాడు.

రెండోది సైక్లోస్టైల్. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద ఇనుప మొన ఉన్న కలంతో గీసినట్టు రాయాలి. గీత పడ్డచోట మైనం లేచి, రోలరు తిప్పినప్పుడు అక్కడి నుంచి సిరా దిగుతుంది. ఇంగ్లిషు వాళ్లకు ఇది సులువు. మన అక్షరాలేమో గుండ్రాలు. గట్టిగా వత్తి ‘ం’ రాస్తే నడుమ ముక్క ఊడిపోయి, అచ్చులో సున్నాకు బదులు నల్ల మచ్చ పడేది. ‘మంత్రి’ అని రాస్తే ‘మ’ పక్కన గొంగళిపురుగు. చేయి తేలిక చేసి రాసే ఒకరిద్దరు దొరికితే వాళ్లే మాకు పెద్ద కళాకారులు. ఆ మిషన్లేమో ఆఫీసుల్లోనే ఉండేవి, వాటిమీదా నిఘా ఉండేది. ఆ చట్టం లెక్కలో సైక్లోస్టైల్ కూడా అచ్చే.

మూడోది చేతిరాత. ఒక్కటే ప్రతి, చేతులు మారుతూ తిరిగేది. ఆ ప్రెస్ చట్టం దాని జోలికి రాలేదు. చివరి పేజీలు ఖాళీగా వదిలితే చదివినవాళ్లు అభిప్రాయాలు రాసేవాళ్లు. కొన్నిసార్లు పత్రిక కంటే ఆ పేజీలే బాగుండేవి.

ఇప్పుడు మీకు ఫోనుంది, పీడీఎఫ్ ఉంది, వాట్సాప్ గ్రూపుంది. అయినా గోడను వదలకండి. గ్రూపులో మీవాళ్లే ఉంటారు. గోడముందు నుంచి వంట చేసే అక్క పోతుంది, తనిఖీకొచ్చిన ఆఫీసరు పోతాడు, పిల్లను దించడానికొచ్చిన తండ్రి పోతాడు. చదవడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు చదివి వినిపిస్తారు. ఒక డ్రాయింగ్ షీటు, ఉడికించిన మైదా జిగురు, నాలుగు రంగుల స్కెచ్ పెన్నులు చాలు.

4. ఊరి నొప్పిని బడి గోడకెక్కించండి

బడి పత్రిక అంటే బడి గోడవతలికి చూడకూడదని ఎక్కడా లేదు. పాత నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు, నారాయణపూర్ వైపు బడిలో తరగతి ఫొటో తీస్తే చాలు, వార్త అందులోనే ఉండేది. పిల్లలు నోరు తెరిచి నవ్వరు. పళ్లమీద గోధుమరంగు గారలు. లీటరు నీళ్లలో ఫ్లోరైడు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగదగ్గవి కావు. దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లు పాడవుతాయి, తరువాత ఎముకలు వంకరపోతాయి. ఈ సంగతి 1930ల నుంచే తెలుసు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. జిల్లాలోనే కృష్ణ పారుతున్నా ఈ మిట్ట ఊళ్లకు బోరునీళ్లే గతి అయ్యాయి.

దశాబ్దాల పాటు వినతిపత్రాలు పోయాయి. కదలిక లేదు. 1996లో దుశర్ల సత్యనారాయణ ముందుండి నడిపిన జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ లోక్‌సభ స్థానానికి జనం గుంపులుగా నామినేషన్లు వేశారు. చివరికి బరిలో మిగిలిన అభ్యర్థులు 480 మంది. బ్యాలెట్ కాగితం పుస్తకమైంది. దేశంలోని పత్రికలన్నీ నల్లగొండ నీళ్ల గురించి రాయక తప్పలేదు. ఒక్కడు అరిస్తే పిచ్చోడంటారు. 480 పేర్లు ఒక్క కాగితం మీద ఉంటే దేశం ఆగి చదువుతుంది. ప్రభుత్వం ముందు చేసిందేమిటంటే, అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్టును 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఇంటింటికీ నల్లా నీళ్లిస్తామన్న మిషన్ భగీరథ పైలాన్‌ను చౌటుప్పల్‌లో ఆవిష్కరించింది 2015లో.

ఈ రెండు తేదీల నడుమ పందొమ్మిదేళ్లున్నాయి. మీ గోడపత్రికలో ఒక్కో పిల్లా తన ఇంటి బోరు ఎంత లోతో, ఇంట్లో ఎందరికి మోకాళ్ల నొప్పులో, నల్లా నీళ్లు వారంలో ఎన్ని రోజులొస్తున్నాయో రాసినా అది చరిత్రే. ఆ లెక్క మీకంటే బాగా రాయగలిగినవాళ్లు ఊళ్లో లేరు.

5. నవ్వించండి, కానీ ఎవరిమీదో చూసుకోండి

తిట్టిన కాగితాన్ని చింపేస్తారు. నవ్వించిన కాగితాన్ని చింపడానికి చేతులు రావు. బడి వెనుక చేతిపంపు చాలా రోజులు చెడిపోయి ఉంటే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె గోడపత్రికకు ఇలా రాసిచ్చింది: ‘గౌరవనీయులైన హెడ్మాస్టరు గారికి, నమస్కరించి వ్రాయునది. దసరా నుండి నా వాషర్లు అరిగి తీవ్రమైన కీళ్లనొప్పులతో బాధపడుచున్నాను. కావున మెకానిక్కు వచ్చు వరకు నాకు సెలవు మంజూరు చేయగలరు. ఇట్లు తమ విధేయురాలు, బడి వెనుక బోరింగు.’

హెడ్మాస్టరు అది చదివి పగలబడి నవ్వాడు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి కింద ‘సెలవు మంజూరు చేయనైనది కాదు. వెంటనే విధులలో చేరవలెను’ అని రాసి సంతకం పెట్టాడు. మెకానిక్కుకు ఫోనూ చేశాడు. అదే విషయం ‘హెడ్మాస్టరు నిర్లక్ష్యం’ అని రాసి ఉంటే ఆయన ముందు ఆ రాసిందెవరో కనుక్కునేవాడు.

ఒక హద్దు ఉంది. ఎవరిమీద నవ్వుతున్నారో ఆ మనిషి మీకు జవాబు చెప్పగల స్థితిలో ఉండాలి. హెడ్మాస్టరు, సర్పంచి, ఎమ్మెల్యే చెప్పగలరు. నత్తి ఉన్న పిల్లవాడు, ఆయమ్మ, కొత్తగా వచ్చిన తండా పిల్ల చెప్పలేరు. రంగు మీద, కులం మీద, నడక మీద, యాస మీద వేసే జోకు ‘మాక్సీ’ సినిమాలో ఆ మగపిల్లలు చేసిన జాబితాకు తోబుట్టువే.

6. పేరు పెట్టకపోవచ్చు, బాధ్యత మాత్రం ఒకరు మోయాలి

మారుపేరు తప్పేమీ కాదు. ప్రతాపరెడ్డి స్వయంగా చిత్రగుప్త, భావకవి రామమూర్తి, జంగం బసవయ్య వంటి పేర్లతో రాశారు. కానీ పత్రిక మీద సంపాదకుడిగా ఆయన పేరు ఉండేది. చిత్రగుప్తుడి మీద సర్కారుకు కోపమొస్తే ఎవరి తలుపు తట్టాలో అందరికీ తెలుసు.

సినిమాలో వివియన్ దగ్గర లేనిది అదే. తన పేరు దాచుకుని పత్రిక తెస్తుంది. ప్రిన్సిపాల్ పత్రిక వెనకున్నదెవరని వెతకడం మొదలుపెట్టాక శిక్ష పడింది ఆమె చిన్ననాటి స్నేహితురాలు క్లాడియాకు. వలస వచ్చిన తల్లి కూతురు, చదువు చెడితే ఇల్లు కూలిపోతుందని భయపడే పిల్ల. క్లబ్బు తన పేరుమీద నమోదు చేయించిందని బడి నుంచి సస్పెండ్ చేస్తారు. ధైర్యం ఒకరిది, దెబ్బ ఇంకొకరికి. మన బళ్లలో కూడా ఇదే జరుగుతుంది. ఎవరు రాశారో తేలకపోతే ముందు అనుమానించేది తండ్రి వచ్చి గట్టిగా అడగలేని పిల్లవాణ్ణే.

అందుకని గోడపత్రిక కింద కుడి మూలన ‘సంపాదకులు’ అని రెండు పేర్లు ఉండి తీరాలి. లోపల ఎన్ని మారుపేర్లయినా పెట్టుకోండి. ఆ రెండు పేర్లలో ఒకటి సారుదో టీచరమ్మదో అయితే మరీ మంచిది.

7. గాయపడ్డవాళ్ల పేరు రాయొద్దు

పై మాటకు ఇది పూర్తిగా ఎదురు. రాసేవాళ్ల పేరు ఉండాలి, దెబ్బ తిన్నవాళ్ల పేరు ఉండకూడదు. పిల్లలపై లైంగిక వేధింపుల విషయంలో బాధితుల పేరు, ఫొటో, ఇల్లు, బడి, ఇంకా వాళ్లను గుర్తుపట్టగలిగే ఏ ఆనవాలూ బయటపెట్టకూడదని 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ చెబుతుంది. తప్పితే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు పడొచ్చు. ‘ఎనిమిదో తరగతి బి సెక్షన్ పిల్ల, పొడుగు జడ’ అని రాసినా పేరు రాసినట్టే.

ఇలాంటిది మీ దాకా వస్తే అది పత్రికకు వార్త అన్న సంగతి ముందు మరిచిపోండి. నమ్మకమైన టీచరుకు చెప్పండి, లేదా 1098కి ఫోను చేయండి. ఆ నంబరును మాత్రం ప్రతి సంచికలో పెద్ద అక్షరాలతో వేయండి.

పాలమూరు బళ్లలో ఇంకో జాగ్రత్త కావాలి. సంక్రాంతి దాటితే తల్లిదండ్రులు పుణె, బొంబాయి పనులకు పోయి, పిల్లలు ముసలమ్మ దగ్గర మిగిలేవాళ్లు, లేదంటే వాళ్లూ వెంటపోయేవాళ్లు. ఒకసారి పిల్లలు వలస మీద సంచిక తెస్తూ పోయినవాళ్ల పేర్లన్నీ వేస్తామన్నారు. వద్దన్నాను. పేర్లకు బదులు తరగతి గది పటం గీశారు. నిండిన బెంచీలకు నీలం, ఖాళీ బెంచీలకు ఎరుపు. సగం పటం ఎర్రగా వచ్చింది. ఏ ఇంటి గుట్టూ బయటపడలేదు, చూసినవాళ్లకు చెప్పాల్సిందంతా తెలిసిపోయింది.

8. కత్తెర పడుతుంది, దానికీ ఒక జవాబుంటుంది

అనుమతి లేకుండా సంపాదకీయాలు రాయకూడదని నిజాం ప్రభుత్వం కట్టడి చేస్తే, ప్రతాపరెడ్డి ఆ చోటులో ప్రపంచంలోని పెద్దపెద్ద మేధావుల సూక్తులు ఏరి వేశారు. సోక్రటీసును పట్టుకుపోలేరు కదా! 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ ఢిల్లీ సంచిక సంపాదకీయం జాగాను ఖాళీగా వదిలింది. చదివినవాళ్లకు వేరే వివరణ అక్కర్లేకపోయింది. ఆ రోజుల్లోనే మా లిఖితపత్రికలో వానల్లేని ఏడాది మీద కవిత ఒకటి తీసేయమన్నారు. తీసేశాం. ఆ పేజీలో ‘ఇక్కడ వాన గురించి ఒక కవిత ఉండాలి, కురవలేదు’ అని రాశాం. కవిత కంటే ఆ వాక్యానికే ఎక్కువమంది నవ్వారు.

స్వేచ్ఛకు పుట్టిల్లని చెప్పుకునే అమెరికాలోనూ ఇదే తగాదా. మిస్సోరీ రాష్ట్రంలోని హేజల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ పిల్లలు ‘స్పెక్ట్రమ్’ అనే పత్రిక నడిపేవారు. చిన్న వయసులో గర్భం, తల్లిదండ్రుల విడాకుల మీద వ్యాసాలున్నాయని 1983లో ప్రిన్సిపాల్ రెండు పేజీలు లేపేశాడు. పిల్లలు కోర్టుకెక్కారు. 1988లో సుప్రీంకోర్టు అయిదుగురు ముగ్గురి తేడాతో బడి పక్షాన తీర్పిచ్చింది. బడి డబ్బుతో, తరగతిలో భాగంగా వచ్చే పత్రిక మీద బడికి అదుపు ఉండొచ్చంది.

నేను నేర్చుకున్నదేమిటంటే: కాగితం ఎవరిదో కత్తెర వాళ్లదే. కాబట్టి గోడకెక్కే ముందే టీచరుతో కూర్చోండి. ఏ మాట మార్చాలంటే మార్చండి, లెక్కను మాత్రం మార్చకండి. విశేషణాలన్నీ వదులుకుని ఒక్క అంకె నిలబెట్టుకోగలిగితే మీరే గెలిచినట్టు.

9. అవతలివాళ్ల మాట వినండి, వెనక ఎవరున్నారో చూసుకోండి

పప్పు పలుచగా ఉందని రాసే ముందు వంట చేసే అక్కను అడగమని పంపిస్తే పిల్లలు ముఖాలు వేలాడేసుకుని తిరిగొచ్చారు. “బిల్లులు రాక కిరాణం కొట్ల అప్పు పెరిగింది బిడ్డా, కొట్టాయన కందిపప్పు ఇస్తలేడు” అందట ఆమె. వార్త మొత్తం మారిపోయింది. అడగాల్సింది ఆమెను కాదు, బిల్లు ఎక్కడ ఆగిందో ఆ టేబుల్‌ను. దానికి 2005 సమాచార హక్కు చట్టం ఉంది. మన దగ్గర గ్రామ స్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండల స్థాయిలో ఐదు రూపాయలు, ఆ పైన పది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇంట్లో పెద్దవాళ్లతో దరఖాస్తు పెట్టించండి. వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు గోడకు అంటించండి.

అడిగినందుకు మూల్యం ఉంటుందని కూడా తెలిసి ఉండాలి. 1938లో నిజాం రాజ్యంలో వందేమాతరం పాడిన విద్యార్థులను వందల సంఖ్యలో కాలేజీల నుంచి, హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టారు. వాళ్లలో పి.వి. నరసింహారావు ఒకరు. గద్వాల ప్రాంతం నుంచి వచ్చిన రామచంద్రరావును జైల్లో కొరడాలతో కొడితే ప్రతి దెబ్బకూ వందేమాతరమే అన్నాడు, అదే ఆయన ఇంటిపేరైపోయింది. ఆ పిల్లల చదువు అక్కడితో ఆగిపోలేదంటే, నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తెరిచింది కాబట్టి. మీరు రాసే పప్పు లెక్కకు కొరడా దెబ్బలు పడవు గానీ, ఇంటర్నల్ మార్కులు, టీసీ, ‘మీ నాయినను తీసుకురా’ అనేవి ఉంటాయి. పత్రిక మొదలుపెట్టకముందే మీ వెంట నిలబడే ఒక టీచరును, ఇద్దరు తల్లిదండ్రులను చూసి పెట్టుకోండి. ఒక్కరూ దొరకకపోతే ఆ సంచిక ఆగినా ఫరవాలేదు. ముందు మనుషుల్ని సంపాదించండి.

10. జవాబు రాని ప్రశ్నను చిన్నవాళ్లకు అప్పజెప్పండి

బడి పత్రికలు చచ్చేది నిషేధంతో కాదు, మార్చి నెలతో. పదో తరగతివాళ్లు పరీక్షల్లో పడతారు, హాల్‌టికెట్లొస్తాయి, గోడమీద పాత సంచిక ఎండకు పసుపెక్కి రాలిపోతుంది. జూన్‌లో వచ్చిన పిల్లలకు అక్కడ పత్రిక ఉండేదనే తెలియదు. ఏ హెడ్మాస్టరూ కత్తెర వేయాల్సిన పనే లేదు, వేసవి సెలవులే ఆ పని చేసిపెడతాయి.

దీనికి నేను పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. సంక్రాంతి సెలవుల తరువాత వచ్చే సంచిక ఎనిమిది, తొమ్మిది తరగతులవాళ్లే తేవాలి. పెద్దవాళ్లు పక్కన నిలబడి చూడాలి, పెన్ను ముట్టకూడదు. సంపాదకుల్లో ఒక ఆడపిల్ల తప్పకుండా ఉండాలి. ఇంకో ముఖ్యమైన పని, ఒక రెండువందల పేజీల నోటుబుక్కు. అందులో నాలుగు గడులు: అడిగిన ప్రశ్న, అడిగిన తేదీ, వచ్చిన జవాబు, జవాబొచ్చిన తేదీ. గుడ్లు, బోరింగు, బాత్‌రూము తలుపు గడియ, బస్సు పాసు, స్కాలర్‌షిప్పు, అన్నీ అందులోకి రావాలి. మొదటి రెండు గడులు త్వరగానే నిండుతాయి. తరువాతి రెండూ నిండడానికి ఏళ్లు పట్టొచ్చు.

వార్డెన్లు బదిలీ అవుతారు, హెడ్మాస్టర్లు రిటైరవుతారు, మీరు పాసై వెళ్లిపోతారు. జవాబు చెప్పాల్సినవాళ్లు ఎదురుచూసేది కూడా అదే, అడిగినవాళ్లు ఎప్పుడు వెళ్లిపోతారా అని. అందుకే కొత్తగా వచ్చిన సంపాదకురాలు తన సంపాదకీయం తరువాత తీరిగ్గా రాసుకోవచ్చు. ముందు ఆ నోటుబుక్కు తెరిచి, జవాబు రాని పాత ప్రశ్నను పాత తేదీతో సహా మళ్లీ గోడకెక్కించాలి.